బాలింత లేని ఇంట్లో తెలగపిండి

మా ఆయన ఎదురుగా ఉంటే ‘అండీ’ అంటాను. కాగితం మీద మాత్రం అన్నాడు, తిన్నాడు అనే రాస్తాను. ఈ కాగితం నేను కొనుక్కున్నది. దీని వెనకవైపు కూడా వదలకుండా రాయమని చెప్పే హక్కు ఆయనకి లేదు.

ఆయన చోడవరంలో ఒక ఎరువుల కొట్లో బిల్లులు రాస్తాడు. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. అద్దె ఇల్లే గానీ తిండికి లోటు లేదు. అయినా మా ఇంట్లో ఏ వస్తువుకీ దాని పని అది చేసుకుని హాయిగా చచ్చిపోయే యోగం లేదు. పెయింటు డబ్బా బకెట్టవుతుంది. బకెట్టు పగిలితే పూలకుండీ అవుతుంది. కుండీ కూడా పగిలితే ఆ పెంకులతో ఏం చెయ్యాలో ఫోన్లో వీడియో దొరుకుతుంది. కొట్లోంచి ఖాళీ యూరియా బస్తాలు తెచ్చి, ఉతికి, నా మిషను మీద సంచులు కుట్టించాడు. సూదులు పటుక్కున విరిగాయి. కొత్త సూదులు నా జాకెట్ల డబ్బుతోనే కొన్నాను. అరిగిపోయిన సబ్బుముక్కలన్నీ కరిగించి గిన్నెలో పోసి కొత్త సబ్బు తయారుచేశాడు. దానితో స్నానం చేస్తే ఒంటిసబ్బు, బట్టలసబ్బు, అంట్లసబ్బు మూడూ కలిసిన కంపు.

గోవాడ చక్కెర ఫ్యాక్టరీ వైపు చెరకు ట్రాక్టర్లు వెళ్లే రోజుల్లో రోడ్డు మీద పడిన గడలు ఏరుకొచ్చాడు. బండి దగ్గర చెరకురసం కొనుక్కు తాగడం దండగట. గడలు చెక్కి, ముక్కలు కోసి, మిక్సీలో వేశాడు. అరగ్లాసు రసం వచ్చింది. మిక్సీ కాలిపోయింది. నేను రోటి దగ్గర కూర్చుని పచ్చడి నూరుతుంటే ఈయన నా పక్కనే కూర్చుని, కాలిపోయిన మిక్సీతో ఏం చెయ్యొచ్చో వీడియోలు చూశాడు.

తిండి సంగతి ఇంకా ఘోరం. బీరతొక్కు పచ్చడి మా అమ్మా చేసేది. కానీ ఆ పూట కంచంలో బీరకాయ కూర కూడా ఉండేది. మా ఇంట్లో తొక్కుకి ఒక పూట, కాయకి ఒక పూట. పుచ్చకాయ తిన్నాక లోపలి తెల్లటి తొక్క కూర. కాలీఫ్లవర్ చుట్టూ ఉండే ఆకులు కూరలవాళ్లు పీకి అవతల పడేస్తారు. మా ఆయన వాటిని యూరియా సంచిలో వేసుకొచ్చి వేపుడు చెయ్యమంటాడు. బజార్లో ఆవులు మమ్మల్ని చూసి మొహం తిప్పుకుంటున్నాయని నా అనుమానం.

ఏదైనా కొందామంటే ఒకటే మాట. దండగ.

పుట్టుకతోనే పిసినారి అయితే నా ఖర్మ అనుకుని ఊరుకుందును. ఈయన ఇలా ఉండేవాడు కాదు. ఆదివారం పొద్దున్నే చికెన్ తెచ్చేవాడు. అనకాపల్లి సినిమాకి తీసుకెళ్లేవాడు. చిల్లర కోసం నేను బస్సు కండక్టరుతో గొడవపడితే పోనీలేద్దూ అని నన్నే ఆపేవాడు. ఇదంతా మొదలైంది విశాఖపట్నం నుంచి రెండోసారి తిరిగొచ్చాక.

మాకు పెళ్లయి పదేళ్లు దాటింది. పిల్లల్లేరు. విశాఖపట్నంలో ఒక డాక్టరమ్మ దగ్గర వైద్యం చేయించుకున్నాం. మొదటిసారి కడుపు నిలవలేదు. రెండోసారి నిలిచింది. ఆ కొద్ది వారాల్లో ఒకరోజు, బస్సులో ఇంటికొస్తూ, ఆడపిల్లయితే పెట్టాలని ఒక పేరు అనుకున్నాం. ఆ పేరు ఇక్కడ రాయను. తర్వాత అదీ పోయింది. ఇంకోసారి ప్రయత్నించొచ్చు, కానీ వయసు ఆగదు, ఏడాది దాటనివ్వకండి అంది డాక్టరమ్మ. ఇంటికొచ్చి, ఒళ్లు కుదుటపడ్డాక, మళ్లీ ఎప్పుడెళ్దాం అని నేనే అడిగాను.

“మళ్లీ పోతే అంతా దండగే గదా,” అన్నాడు.

ఆ మాట పుచ్చకాయ తొక్క గురించి అన్నా, నా గురించి అన్నా ఆయన గొంతు ఒకలాగే ఉంది. ఆ రోజు నుంచి నాకు మా ఆయనంటే గిట్టడం లేదు. దాచుకోవడం ఎందుకు, ఉన్నమాట రాస్తున్నాను. ఇద్దరికీ వండుతాను, కలిసి తింటాను, ఆయన చేసిన సబ్బుతోనే ఆయన చొక్కాలు ఉతుకుతాను. కానీ గిట్టడం లేదు. మిగిల్చిందంతా బ్యాంకులో వేస్తున్నాడు. రేపటికి పనికొస్తుందట.

“రేపు ఎవులున్నారు మనకి? ఎవులి కోసం దాస్తన్నారు?” అని ఒకసారి అడిగేశాను. టీవీ సౌండు పెంచుకున్నాడు.

ఇలా ఏడాది గడువు దగ్గర పడుతుండగా, ఒక సాయంత్రం బుచ్చయ్యపేట రోడ్డులో ఉన్న నూనె గానుగ నుంచి తెలగపిండి పట్టుకొచ్చాడు. నువ్వుల్లోంచి నూనె తీసేశాక మిగిలే పిండి అది. పశువులకి పెడతారు. మనుషులూ వండుకుంటారు గానీ మా వైపు అది ముఖ్యంగా బాలింతల కూర. మునగాకు వేసి, వెల్లుల్లి దట్టించి, పురుడొచ్చిన పిల్లకి రోజూ పెడతారు, పాలు పడతాయని. ఏ ఇంట్లోంచి ఆ వాసన వచ్చినా, ఎవరు నీళ్లాడారు, ఎవరికి పురుడొచ్చిందని వీధిలో ఆడవాళ్లు అడుగుతారు.

“బాలింతల కూర నాకెందుకండీ?” అన్నాను.

“బలమైన తిండి. పప్పుకన్నా సవక,” అన్నాడు.

ఎంత చవకో నేను అడగలేదు. ఆయన్ని అడిగి తెలుసుకునే సంగతులు అప్పటికే తగ్గించుకున్నాను. వండాను. ఎదురింటి ఆవిడ కిటికీలోంచి ముక్కు ఎగబీల్చి చూసింది. మా కిటికీ మూసేశాను. పొయ్యి ముందు నిలబడి కోపంతోనే కలిపాను. కూర రుచిగా కుదిరింది, అదింకో మంట. మళ్లీ వారం తెచ్చాడు. ఆ పై వారమూ తెచ్చాడు. గానుగ నుంచి వచ్చిన రోజున ఆయన మొహం కాస్త తెరిపిగా ఉండేది. చవకబేరం దొరికిన సంతోషం అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం నేను మిషను తొక్కుతుంటే గేటు చప్పుడైంది. పెద్దావిడ, బాగా ఒళ్లున్న మనిషి, చెమటలు కక్కుతూ చేతిసంచితో లోపలికొచ్చింది. ఆవిడ దగ్గర నువ్వులనూనె వాసన.

“ఎరువుల కొట్టు బాబు ఇల్లు ఇదేనా అమ్మా? నాను గానుగ కాణ్ణుంచొచ్చేను. మీ ఆయనకి తెలగపిండి ఇచ్చేది నానే.”

కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. ఆవిడ నీళ్లు తాగకుండా నన్ను కిందికీ మీదికీ చూసింది.

“సెవుల్లో దూదేదమ్మా? నడుంకి గుడ్డ కట్టుకోలేదేటి? మూడో నెలకే మిషను తొక్కేత్తావా? రేపు నడుం పట్టేత్తే ఎవులు సూత్తారు?”

నాకు అర్థం కాలేదు. ఇల్లు తప్పి వచ్చిందేమో అనుకున్నాను.

“గుంటేదీ? నిద్దరోతందా?” అంది.

“ఏ గుంటండీ?”

“ఏ గుంటేటి! నీ కూతురే.”

తర్వాత అంతా ఆవిడే చెప్పింది. మొదటి రోజు మా ఆయన పిండికి బేరమాడుతుంటే, ఇంట్లో బాలింతుందా బాబూ అని ఆవిడ అడిగిందట. ఉందన్నాడట. బాలింత తినే పిండికి డబ్బులు పుచ్చుకోవడం ఆవిడ ఇంటా వంటా లేదట. “అట్టుకెల్లు బాబూ, తక్కువైతే మళ్లీ రా అన్నాను. మరి వారం వారం వస్తాడు గదా, కూకుని గుంట కబుర్లన్నీ సెప్తాడు. రాత్రుళ్లు నిద్దరోనివ్వదంట గదా. ముక్కు నీదేనంట. ఎడంసేతి బొటనేలు నోట్లోంచి తియ్యదంట.”

అని, పేరు కూడా చెప్పింది. బస్సులో మేం అనుకున్న పేరు.

నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఆ పేరు ఆయనొక్కడిదే కాదు, నాది కూడా. నన్నడక్కుండా తీసి, ఊరకే వచ్చే పిండి కోసం గానుగలో పెట్టాడు. ఆవిడ సంచిలోంచి ఒక సీసాడు నూనె తీసింది, గుంటకి రాసి కాళ్లు సాగదీయమంది. తర్వాత చిన్న గౌను తీసింది. గౌను చేతిలోకి తీసుకుని కుట్టు చూశాను. వంకరగా ఉంది. మెడ దగ్గర లేసు గరుకు, పసిపిల్ల ఒంటికి గుచ్చుకుంటుంది. అదొక్కటే చూడగలిగాను.

‘మాకు పిల్లల్లేరండీ’ అన్న మాట నాకు నోరు తిరగని మాటేం కాదు. పెళ్లిళ్లలో అన్నాను, బస్సుల్లో అన్నాను, జాకెట్టు కొలతలిస్తూ ఎంతమందమ్మా నీకు అని అడిగిన ప్రతి ఆడమనిషితోనూ అన్నాను. మా ఆయన ఒక్కసారి కూడా అనలేదు. ఎరువుల కొట్లో ఎవరూ ఆయన్ని అడగరు. ఈసారి ఆ మాట నేను అనదలచుకోలేదు.

“పడుకుందండీ,” అన్నాను. “ఆయనొచ్చాక మేవే మీ దగ్గరికి వస్తాం.”

ఆవిడ మూసి ఉన్న గది తలుపు వైపు చూసి వెంటనే గొంతు తగ్గించింది. జాగర్తలన్నీ గుసగుసగా చెప్పింది. వెళ్తూ వెళ్తూ గేటు చప్పుడు కాకుండా వేసింది.

సాయంత్రం ఆయన వచ్చేసరికి గౌను మిషను మీద పరిచి ఉంది. చూశాడు. చెప్పులు విప్పబోయి ఆగిపోయాడు.

“రాత్రుళ్లు నిద్దరోనివ్వదంట గదా,” అన్నాను.

తర్వాత విప్పి గుమ్మం పక్కన పెట్టాడు. “ఇంట్లో బాలింతుందా అని ఆవిడే అడిగింది,” అన్నాడు చివరికి. “ఉందన్నాను. అంతే. మళ్లీ ఎల్లినప్పుడు గుంట ఎలాగుందంది. ఏదోటి సెప్పాల గదా.”

“పేరు కూడానా?”

“నాకింకే పేరూ రాలేదే.”

ఆ మాటకి నేను కరిగిపోయానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. నాకింకా ఒళ్లు మండింది. ఈ మనిషికి వారానికోసారి చెప్పుకోవడానికి ఒక పిల్ల ఉంది, ముక్కూ మొహం ఉంది, పాడు అలవాటు కూడా ఉంది. నాకేముంది? నాకు దండగ అన్న మాట మిగిల్చి, పరాయి మనిషి దగ్గర పిల్లని ఎత్తుకు తిరిగాడు.

“పదండి గానుగ కాడికి,” అన్నాను.

“నువ్వెల్లి సెప్పెయ్. ఆవిడ ముందర నేనా మాట అన్లేను.”

“పదేళ్ల బట్టీ నేనే అంటన్నాను. ఇయ్యాల మీరు.”

బండి మీద వెళ్లాం. గౌనూ నూనె సీసా నా ఒళ్లో ఉన్నాయి. గానుగ ఇంకా ఆడుతోంది, గది నిండా మోటారు రొద. మమ్మల్ని చూడగానే ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“గుంటని ఎవులి కాడొదిలేసొచ్చేరు?”

మా ఆయన నా వైపు చూశాడు. నేను నూనె డబ్బాల వైపు చూశాను.

“మాకు పిల్లల్లేరండి,” అన్నాడు. కాస్త ఆగి, “అసలు లేరండి,” అన్నాడు.

ఆవిడకి విషయం తలకెక్కడానికి కొంచెం టైము పట్టింది. ఎక్కాక మొహం ఎర్రబడింది. “మరి నాకాడ ఆ కబుర్లన్నీ ఏటి బాబూ? ముసిల్దాన్ని, నిజవనుకుని ఊరంతా తిరిగి లేసు కొనుక్కొచ్చేనే!” ఆయన జేబులోంచి నోట్లు తీసి తక్కెడ పక్కన పెట్టాడు. ఆవిడ వాటిని వెనక్కి నెట్టేసింది. “పసిగుంట పేరు సెప్పి అట్టుకెల్లిన పిండి అది. దానికి డబ్బులట్టుకుంటే నా సెయ్యి కాలిపోద్ది. తియ్యి.”

తీసుకున్నాడు. అంతటి మనిషి అలా తిట్లు తింటుంటే నాకు జాలేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. గౌనూ సీసా తక్కెడ దగ్గర పెట్టి పక్కకి జరిగి నిలబడ్డాను.

కోపం కాస్త దిగాక ఆవిడ, అందరూ నన్నడిగే ప్రశ్నే ఆయన్నడిగింది. “ఆస్పత్రికెల్లలేదేటి?”

“ఎల్లేం. రెండుసార్లు.”

“ఇంకవదన్నారా?”

“అవదన్లేదు. ఇంకోసారి రమ్మన్నారు.”

“మరెల్లరేటి?”

దండగ అంటాడని చూశాను. అంటే ఆ గానుగ దగ్గరే వదిలేసి వచ్చేద్దునేమో కూడా.

“బయవేసి,” అన్నాడు.

ఏడాది పొడుగునా ఆ ఇంట్లో నాతో ఉంటూ ఆ మాట ఒక్కసారి అనలేదు. నాకూ భయమే. ఆ సంగతి ఆయన నన్నడగనూ లేదు. దగ్గరికి వెళ్లి ఆవిడ ఎదటే అడిగాను.

“ఎప్పుడెల్దాం?”

“సూద్దాం.”

“సూద్దాం కాదు. ఎప్పుడు?”

ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని ఆయన మొహంలోకే చూస్తోంది.

“సోమారం,” అన్నాడు.

“ఆవిడకి ఇనపళ్లేదు,” అన్నాను.

మోటారు రొద మీంచి వినపడేలా, గట్టిగా, ఇంకోసారి అన్నాడు.