కరెంటు లేని నాటి గడ్డల సూప్

మొన్న మా కోడలు మిక్సీలో సూప్ తిప్పుతుంటే మధ్యలో కరెంటు పోయింది. పన్ను పీకించుకుని వచ్చిన నాకోసమే ఆ సూప్. ఉడికిన గాజర్, ఆలుగడ్డ సగం నలిగి సగం నలగక జారులో నిలిచిపోయాయి. "ఇన్వర్టర్ మీద మిక్సీ నడవదు అత్తమ్మా, వచ్చినంక చేస్త" అని ఆమె నా ఎదురుగా కుర్చీలో కాళ్లు ముడుచుకుని కూర్చుని ఫోన్ తీసింది. ఇందులో కంగారు పడాల్సింది ఏమీ లేదు. నాకు మాత్రం ఆగిపోయిన ఆ మిక్సీని చూడగానే గుండె దడదడలాడింది. ఇన్నేళ్లయినా ఆ దడ పోలేదు.

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మెలు సాగుతున్న కాలం అది. పెద్దవంగరలో ఉండే మా మామకు పక్షవాతం వచ్చి కుడి పక్కా, మాటా రెండూ పడిపోయాయి. దవాఖాన నుంచి నేరుగా, మా అత్తమ్మతో సహా, మహబూబాబాద్‌లోని మా ఇంటికి తెచ్చుకున్నాం. పంపేటప్పుడు డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. "గొంతు సరిగ పనిచేస్తలేదు. నీళ్ల లెక్క పలుచగ పోస్తే ఊపిరితిత్తులల్లకు పోతది. ముద్ద పెడితే అడ్డం పడతది. మీగడ లెక్క ఉండాలె, చెంచా చెంచా పట్టాలె." మీగడలా ఉండేది ఏముందా అని ఆలోచించి, గడ్డలు ఉడికించి మిక్సీ పట్టి సూప్ చేయడం మొదలుపెట్టాను. జొన్న గటక, మామిడి తొక్కు తప్ప మరోదాన్ని తిండిగా లెక్కచేయని మనిషికి కారం లేని సూప్! మొదటి చెంచాకు మామ మా ఆయన వంక చూసిన చూపు, కన్నకొడుకే విషం పెడుతున్నాడన్నట్టుంది. అయినా మింగారు.

పట్టేది మా ఆయనే. అత్తమ్మ చేతులకు వణుకు, చాయ గ్లాసు పట్టుకుంటే సగం చాయ చీరకే. ఇక నేను కోడలిని. మా ఇళ్లలో మామ ఎదుట కోడలు కూర్చోదు, నోరు విప్పి మాట్లాడదు. పెళ్లయిన కొత్తలో నీళ్ల చెంబు గడప దగ్గర పెట్టి గాజులు గలగలమనిపిస్తే ఆయన వచ్చి అందుకునేవారు. నా జుట్టు నెరుస్తున్నా ఆ గాజుల భాష అట్లాగే ఉండిపోయింది. ఆయనకు నా మీద కోపం ఉండి కాదు, అది మర్యాద. మోకాళ్లు పీకుతున్నా తలుపు చాటున నిలబడాల్సిన నాకు మాత్రం అది మర్యాదలా ఎన్నడూ అనిపించలేదు.

మా ఆయన సర్కారు బడిలో పంతులు. ఇంట్లో గ్లాసుడు నీళ్లు ముంచుకుని ఎరగడు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి అక్కడే వండుకుని తింటూ వంటావార్పు చేసిన రోజు మాత్రం నడుముకు తువ్వాల చుట్టి డేగిసలో పప్పు కలియబెట్టాడట. చూసినవాళ్లు వచ్చి చెబితే నమ్మలేక నవ్వుకున్నాం. రైలురోకో రోజు మాత్రం నవ్వు రాలేదు. పొద్దున్నే తండ్రికి సూప్ పట్టి, పట్టాల మీద కూర్చోవడానికి వెళ్లాడు. మధ్యాహ్నం పక్కింటామె గేటు దగ్గర నుంచే కేకేసింది. "అక్కా, పోలీసోళ్లు అందర్ని వ్యాన్ల ఎక్కించుకపోయిండ్రు. ఎటు తీస్కపోయిండ్రో తెల్వది."

రైళ్ల కూతలతో పొద్దు గడిచే మా ఊరు ఆ రోజు నిశ్శబ్దంగా ఉంది. బస్సులు లేవు, ఆటోలు లేవు. మామ గొంతులో పలుకంత ముక్క అడ్డం పడినా దవాఖానకు చేర్చే దారి లేదు. చాలదన్నట్టు అప్పుడే కరెంటు పోయింది. మా అన్న భూపాలపల్లి బొగ్గుబాయిలో పని చేస్తూ సమ్మెలో ఉన్నాడు. బొగ్గు ఆగితే కరెంటు ఆగుతుందని వాళ్ల లెక్క. కరెంటు ఎప్పుడొస్తుందో ఏమైనా తెలుస్తుందేమోనని ఫోన్ చేశాను. "కరెంటు పోయిందా చెల్లే? గదే గద మేం గావాలన్నది!" అని సంబరపడ్డాడు. ఇక్కడి సంగతి చెప్పాక మాత్రం చప్పబడిపోయి, "పైలం చెల్లే" అని జాగ్రత్త చెప్పి పెట్టేశాడు.

ఇంట్లో ఉన్నవి రెండు ఆలుగడ్డలు, వాడిపోయిన గాజర్లు, తండా నుంచి నడిచొచ్చిన అవ్వ అమ్మిపోయిన కందగడ్డలు. చిలగడదుంపలనే మా వైపు అలా అంటాం. తియ్యగా ఉంటాయి కానీ పీచు ఎక్కువ. ఆ పీచే ఇప్పుడు నా భయం. గడ్డలన్నీ కుక్కర్లో మెత్తగా ఉడికించి, పొట్టు తీసి, పప్పుగుత్తితో ఎనిపాను. ఎంత ఎనిపినా వేలికి పలుకు తగులుతూనే ఉంది. అత్తమ్మ తన పాత నూలు చీర చింపి, ఉతికి తెచ్చింది. గుజ్జును ఆ గుడ్డలో మూటకట్టి ఇద్దరం చెరో పక్కా మెలిపెట్టాం. దారంలా చిక్కగా దిగింది. పీచంతా గుడ్డలో మిగిలింది. పాలమీది మీగడ, చిటికెడు ఉప్పు, మిరియాల పొడి వేసి సన్నటి మంట మీద తిప్పాను. చెంచా వంచితే జారాలి, కారకూడదు. అట్లా వచ్చేదాకా తిప్పాను.

కొంగు నెత్తిన కప్పుకుని గిన్నెతో మంచం దగ్గరకు వెళ్లి, నిలబడే వంగి చెంచా చాచాను. మామ పెదవులు బిగించి గోడ వైపు తిరిగారు. "జర నోరు తెరువుండ్రి. కొడుకు లేడు గద! బిడ్డసొంటిది పెడితే తప్పేంది?" అని అత్తమ్మ బతిమాలింది. ఆయన తిరగలేదు. ప్రాణం మీదికి వచ్చినా ఈ పట్టుదల ఏమిటని నాకు ఒళ్లు మండింది. అత్తమ్మ నా చేతిలోంచి చెంచా లాక్కుని మంచం మీద కూర్చుంది. ఆమెకు ఆయన నోరు తెరిచారు. కానీ ఆ వణుకుతో సూప్ సగం గడ్డం మీద పడింది, సగం ఒక్కసారిగా గొంతులోకి పోయింది. పొర పోయి ఆయన ముఖం ఎర్రబడింది, కళ్లు తేలేశారు. నేను మామ అని చూడలేదు. రెండు చేతులా పట్టి ముందుకు వంచి వీపు చరిచాను. దగ్గు తెగి ఊపిరి అందేసరికి ముగ్గురికీ చెమటలు కారుతున్నాయి.

గిన్నెలో సూప్ అట్లాగే ఉంది. ఆయన కడుపు ఖాళీగానే ఉంది. నేను అత్తమ్మ వెనకకు వెళ్లి, వంగి, ఆమె మణికట్టును నా చేత్తో గట్టిగా పట్టుకున్నాను. చెంచా ఆమెది, నిలకడ నాది. ఆయన ఆ చేతుల వంక చాలాసేపు చూశారు. తర్వాత నోరు తెరిచారు. ఒక చెంచా. గొంతు కదిలిందా, దిగిందా అని చూసి ఇంకో చెంచా. అట్లా వంగి వంగి నా నడుము విరిగిపోతోంది కానీ, పట్టు వదిలితే ఏమవుతుందో ఇందాకే చూశాను.

సగం గిన్నె అయ్యాక ఆయన ఎడమ చెయ్యి లేచింది. చాలంటున్నారనుకున్నాను. ఆ చెయ్యి మెల్లగా మంచం పట్టెను తట్టింది. మళ్లీ తట్టింది. అత్తమ్మ నా వైపు తిరిగి, "కూసోమంటుండు బిడ్డా" అన్నది.

కూర్చున్నాను. అత్తమ్మ చెంచా నా చేతిలో పెట్టి పక్కకు జరిగింది. మిగిలిన సూప్ నా చేత్తోనే తాగారు. నాకు ఏడుపు ఆగలేదు, అయినా చెంచా కదలనివ్వలేదు. మర్నాడు మా ఆయన వాడిపోయిన ముఖంతో ఇంటికొచ్చి గిన్నె అందుకోబోతే, మామ తలుపు వైపు చూశారు, నాకోసం.

రాష్ట్రం వచ్చిన నాటికి మామ లేరు. మొన్న కరెంటు తొందరగానే వచ్చింది. మా కోడలు మిక్సీ తిప్పి, సూప్ తెచ్చి, "వేడిగుంది, పైలం అత్తమ్మా" అని మళ్లీ నా ఎదురుగా కూర్చుంది. ఆ కూర్చోవడం కోసం మా ఇంట్లో ఒక మంచం పట్టె మోగాల్సి వచ్చిందని ఆ పిల్లకు తెలియదు. తెలియాల్సిన పని లేకుండా పోవడమే కాలం మాకు చేసిన మేలనుకుంటూ చెంచా అందుకున్నాను.