గంజి పెట్టిన గడ్డం

మండుతున్న మొహానికి చలవ చేయబోయి, దాన్ని ఇస్త్రీకి సిద్ధమైన చొక్కాలా తయారుచేసుకున్న తెలివితక్కువవాణ్ణి కృష్ణా జిల్లాలో నాకు తెలిసి నేనొక్కణ్ణే. ఈ సంగతి ఇన్నాళ్ళూ దాచాను. మొన్న బెజవాడలో ఒక కొత్త సెలూన్లో గడ్డం గీసినాయన నీలంరంగు సీసా చూపించి, "చల్లగా ఉంటుందండీ, రాయమంటారా?" అన్నాడు. "ముందు మీరు రాసుకుని, ఆరాక ఒకసారి నవ్వి చూపించండి" అన్నాను. ఆయన బిత్తరపోయాడు. ఆయనకి చెప్పలేకపోయింది మీకు చెబుతాను.

రెండో ప్రపంచయుద్ధం రోజులు. నాకు కొత్తగా పెళ్ళయింది. అత్తవారిది పామర్రు దగ్గర ఒక చేనేత పల్లె. ఇంట్లో రెండు మగ్గాలుండేవిగానీ, నూలు దొరక్క ఒకటి ఎప్పుడూ ఖాళీయే. నేసిన చీరలు సైకిలుకి కట్టుకుని మామగారు ఊరూరా తిరిగి అమ్మేవారు. ఆ సైకిలే ఆ ఇంటికి మూడో మగ్గం. నేను బెజవాడ బట్టల కొట్లో గుమాస్తాని. జీతం చేతికి అందేలోపే పట్నవాసం తలకెక్కింది. ఆ వేసవిలో మొదటిసారి అత్తవారింటికి వెళ్ళినప్పుడు, కొత్త అల్లుడికి గడ్డం గీయడానికి మామగారు ఊరి మంగలిని పిలిపించారు. గీశాక మంట తగ్గించే పటికరాయీ, గంధమూ తెచ్చుకుని పొద్దున్నే వచ్చిన ఆ పెద్దాయనతో, "నేనే గీసుకుంటానండీ" అని దర్జాగా సేఫ్టీ రేజరు బయటికి తీశాను. బ్లేళ్ళకి కరువు. ఉన్న ఒక్క బ్లేడునే గాజుగ్లాసు లోపల రుద్ది పదునుపెట్టుకుంటూ నెల్లాళ్ళుగా వాడుతున్నాను. అది గడ్డం గీయలేదు, దున్నింది. ఆయన అది చూసి, పటికరాయి పొదిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పచ్చిమిరపకాయలు నూరి పూసినట్టు బుగ్గలు మండుతున్నాయి. మా తోడల్లుడు, అంటే మా ఆవిడ అక్కగారి భర్త, అరుగు మీద వేపపుల్ల నములుతూ ఇదంతా చూస్తున్నాడు. "తమ్ముడూ, ఈ ఊళ్ళో దీనికి అసలైన మందుంది. నూలుకి పెట్టే గంజి. మగ్గం గదిలో కుండెడుంది, దట్టంగా పట్టించు. భోజనాలదాకా కడక్కు, కడిగితే బొబ్బలెక్కుతుంది" అన్నాడు. ఆ మాట నన్ను చూసి అనలేదు, వేపపుల్లని చూసి అన్నాడు. నేను అది గమనించి ఉండాల్సింది.

పట్టించాను. ఎంత హాయో చెప్పలేను. లేత తాటిముంజలు చిదిమి మొహాన పెట్టినట్టుంది. ఆ తర్వాత వడగాలి తగిలింది. గంజి ఆరినకొద్దీ పైకి కనిపించడం మానేసి, లోపలికి బిగుసుకోవడం మొదలెట్టింది. సరిగ్గా అప్పుడే కొత్త అల్లుణ్ణి చూడటానికి చుట్టాలు వచ్చారు. పెదవి కదిపితే చెంప చిట్లేట్టుంది. "ప్రయాణం బాగా జరిగిందాండీ?" అంటే "ఊఁ" అన్నాను. "సున్నుండ తింటారా?" అంటే "ఊహుఁ" అన్నాను. నేను అలగలేదుగానీ నా మొహం అలిగింది. కొత్త అల్లుడు అలిగితే, అడిగింది ఇచ్చి అలక తీర్చడం మా వైపు మర్యాద. అత్తగారు కంగారుపడిపోయారు. మా ఆవిడ అమ్మమ్మ గోడకి జారగిలబడి తీర్పు చెప్పింది: "పెళ్ళిలో సైకిలు పెట్టలేదుగా. ఇది దాని అలకే."

కాసేపటికి మా ఆవిడ నన్ను మగ్గం గదిలోకి పిలిచింది. "అప్పుడు అడక్కుండా ఊరుకుని ఇప్పుడు అలుగుతారా? మా నాన్న సైకిలు తుడుస్తున్నాడు, చూడండి. రేపట్నించీ మూట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరుగుతాడు. పట్టుకుపోండి. నేను మాత్రం చచ్చినా దాని వెనక ఎక్కను" అంది. పెళ్ళయ్యాక ఆవిడ నాతో అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు. కళ్ళల్లో నీళ్ళు. ఈ మనిషి నన్ను జన్మంతా ఇలాగే చూస్తుందేమోనని హడలిపోయి నోరు తెరిచాను. బుగ్గ మీది గంజి టప్పున చిట్లి, పెచ్చు ఒకటి ఆవిడ చేతిమీద పడింది. నేతపని ఎరిగిన పిల్ల. దాన్ని వేళ్ళ మధ్య నలిపి, "ఇది నూలుకి పెట్టే గంజి కదండీ. మీకెవరు చెప్పారు?" అంది. చెప్పాను. కొంగు నోట్లో కుక్కుకుని అక్కడే కూలబడిపోయింది. ఎంతసేపు నవ్విందో.

మొహం కడుక్కుని బయటికొచ్చేసరికి, మామగారు సైకిలు మెరిపించి వాకిట్లో నిలబెట్టారు. "మనసులో ఏముందో అడగండి అల్లుడుగారూ" అన్నారు, సైకిలు మీద చెయ్యి తియ్యకుండానే.

"సైకిలు వద్దండీ. నాకు తొక్కడం రాదు" అన్నాను. అది నిజం కూడా.

"మరి?"

"గడ్డం గీసుకున్నచోట మంటగా ఉందండీ. పొద్దుట్నించీ నా మొహం గురించి శ్రద్ధ తీసుకున్నది మా అన్నగారొక్కరే. నా భోజనం అయ్యేదాకా ఆయన చేత్తో విసిరితే అలక తీరిపోతుంది."

తోడల్లుడు ఏదో అనబోయాడు. "కొత్త అల్లుడు అడిగాక కాదనకూడదు నాయనా" అని అమ్మమ్మ ఆయన చేతిలో తాటాకు విసనకర్ర పెట్టింది. నేను ముద్దముద్దకీ పావుగంట నమిలాను. పప్పు మారు వేయించుకున్నాను. మజ్జిగ పోస్తూ మా ఆవిడ, "నిదానంగా తినండి, తొందరేం లేదు" అంది. తోడల్లుడు విసనకర్రని కుడిచేతినుంచి ఎడమచేతికి మార్చుకున్నాడు. కాలం ఎవరికోసమూ ఆగదంటారుగానీ, ఆ మధ్యాహ్నం మాత్రం అది నేను విస్తరి ముందునుంచి లేచేదాకా మర్యాదగా నిలబడే ఉంది.