ఉంచుకునే ఆర్డరు

కొత్త చీర మడత విప్పితే గంజి వాసన వస్తుంది. ఆదోనిలో నా చిన్న చీరల దుకాణం తెరవగానే ముందు పలకరించేది ఆ వాసనే. లోపల కట్టలు కట్టే రంగమ్మక్క "అమ్మీ, ఆర్డరు రెడీ!" అని కేకేస్తుంది. ముప్పై దాటినదాన్ని, నోరు పెద్దదని బజారంతా పేరున్నదాన్ని, ఇప్పటికీ ఆ మాటకు ఒక్క క్షణం గుండె జల్లుమంటుంది. వెంటనే నవ్వొస్తుంది. ఆ నవ్వు నాకు నేర్పింది మా అమ్మ ఉరుకుందమ్మ.

అమ్మ నన్ను కనలేదు. ఎనిమిదేళ్లప్పుడు అనాథాశ్రమం నుంచి ఎమ్మిగనూరులో అమ్మానాన్నల మగ్గం ఇంటికి వచ్చాను. అంతకుముందు ఒక ఇంటివాళ్లు నన్ను తీసుకెళ్లి, మూడు నెలలకే తెచ్చి దింపేశారు. అందుకే నా రెండు గౌన్లూ సంచిలోనే ఉండేవి. ఉతికి ఆరేసినా, ఆరగానే మళ్లీ సంచిలోకే. అమ్మ అంతా చూసేది, ఎందుకని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. బీరువాలో ఒక అర ఖాళీ చేసి ఊరుకుంది.

మగ్గం మీద నూలు అయిపోతే అచ్చు అతకాలి. పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా, వేళ్లకు బూడిద అద్దుకుంటూ మెలిపెట్టాలి. వేల పోగులు. విసుగు పుట్టి చచ్చే పని. ఆ విసుగు పోవడానికి అమ్మ ఒక ఆట పెట్టింది. పేరు 'నా దినం'. మగ్గానికి సెలవిస్తే ఎవరి దినం ఎట్లా ఉండాలో పొద్దు పుట్టినప్పటి నుంచి గూకేదాకా చెప్పాలి.

"ఆదోనికి పోతా. సినిమా చూస్తా. బయటికొచ్చి మళ్లా అదే సినిమాకు టికెట్టు తీసుకుంటా" అనేవాడు నాన్న.

"సాల్లే నీ సంబడం! నాకు బస్సులో కిటికీ పక్క సీటు కావాల. ఆదోనిలో ఎవరో చేసిన ఉగ్గాని, బజ్జీ కూసొని తినాల. తిన్న ప్లేటు నేను కడగను, ఆఁ!" అనేది అమ్మ. బొరుగులు నానబెట్టి, తాలింపేసి, మా అందరికీ ఉగ్గాని చేసిపెట్టేది ఆమే మరి. "నువ్వు సెప్పు పాపా."

నేను నోరు విప్పేదాన్ని కాదు. రేపు ఎక్కడ ఉంటానో తెలియని పిల్లకు దినం ఏముంటుంది?

"సరే, నీ వంతు అట్నే ఉంటాది. నేనెవురికీ ఇయ్యను" అనేది.

ఏడాది గడిచింది. ఒక పొద్దున అమ్మ అచ్చు అతుకుతోంది. నాన్న చేతిలో కాగితంతో పరుగెత్తుకొచ్చాడు. "ఏమే, పాప ఆర్డరు వచ్చినాది!"

ఆ ఇంట్లో ఆర్డరంటే నాకు తెలిసింది ఒక్కటే. చీర మగ్గం దిగుతుంది, మడత పడుతుంది, కవరులో దూరి ఎవరింటికో పోతుంది. నేను ఏడవలేదు. సంచి తీసుకుని, చెప్పులేసుకుని గడపలో నిలబడ్డాను.

"యాడికే పోతాండావు?" అంది అమ్మ.

"ఆర్డరు వచ్చిందంట కదా. నన్ను ఎవరికి ఇస్తున్నారు?"

అమ్మ చేతిలోని పోగు జారిపోయింది. ముందు నాన్న మీద విరుచుకుపడింది. "నీ నోట్లో మన్ను పడ! ఆ మాట ఈ ఇంట్లో అట్ల అరుస్తారా?" తర్వాత నన్ను ఒళ్లోకి లాక్కుని, బూడిద వేలితో కాగితం మీద నా పేరు, దాని కింద తమ పేర్లు చూపించింది. ఆ బూడిద గీత ఇప్పటికీ ఆ కాగితం మీద ఉంది.

"ఇది కోర్టు ఆర్డరు పాపా. పంపేది కాదు, ఉంచుకునేది. ఇంగ నిన్ను నా నుంచి ఎవురూ తీసకపోలేరు." ఏడుస్తూనే నవ్వింది. "నీ వంతు ఏడాదిగా దాచిపెట్టినా. ఇప్పుడు సెప్పు నీ దినం."

"పొద్దున లేస్తా" అన్నాను. "ఈడనే లేస్తా."

"ఆమ్యాకు?"

"ముగ్గురం ఆదోని బస్సెక్కుతాం. కిటికీ సీటు నీకు."

"పొద్దు గూకినాక?"

"ఇంటికొస్తాం."

అమ్మ లేచి వీధిలోకి వెళ్లి, "నా బిడ్డ దినం సెప్పిందప్పో!" అని అరిచింది. సగం అతికిన అచ్చును వదిలి లేవడం నేను చూసింది ఆ ఒక్కరోజే. అప్పటికప్పుడే బస్సెక్కి ఆదోని వెళ్లాం. ఉగ్గాని తిన్నాం. నాన్న అన్నంత పనీ చేసి అదే సినిమాకు రెండుసార్లు కూర్చోబెట్టాడు. తిరిగి వచ్చాక నా గౌన్లు నేనే బీరువాలో పెట్టాను. ఖాళీ సంచిని అమ్మ ఉల్లిగడ్డలకు వాడుకుంది.

అమ్మ పోయి మూడేళ్లు. చివరిదాకా బస్సులో కిటికీ సీటు ఆమెదే. ఇప్పుడు రంగమ్మక్క "ఆర్డరు రెడీ!" అన్నప్పుడల్లా నేను అడిగేది ఒక్కటే. "పంపేదా, ఉంచుకునేదా?"

"ఉంచుకునే ఆర్డరు యాడన్నా ఉంటాదా తల్లీ?" అని ఆమె నవ్వుతుంది.

ఉంటుందక్కా. నీ ముందే నిలబడి ఉంది.