సర్దుకుపోవడం అని రాసింది నేనే

వాతావరణ మార్పు మీద ఊరూరికీ ప్రణాళిక రాయించే పనిలో చేరినప్పుడు, ముందుగా నా చేతిలో పెట్టింది ఒక పదాల పట్టిక. అన్నీ ఇంగ్లీషు మాటలే. జనగామలో శిక్షణ ఇచ్చిన సారు ప్రతి మాటకూ ఒక సంస్కృత సమాసం చెప్పేవాడు. హజార్డ్ అంటే విపత్కారకం, అడాప్టేషన్ అంటే అనుకూలనం. ఇవి పట్టుకుని పల్లెకు పోతే మంత్రాలు చదవడానికి వచ్చాననుకుంటారని నవ్వాను. నాకు నోటి దురుసు ఎక్కువ. “అయితే నువ్వే రాయమ్మా” అన్నాడాయన.

రాశాను. హజార్డ్‌కు ఆపద. అడాప్టేషన్‌కు సర్దుకుపోవడం. ఎండలు ముదిరాయి, వానలు లెక్క తప్పాయి, ఇక వాటితోనే బతకడం నేర్చుకోవాలి కదా, ఇంతకంటే తేలికైన మాట ఎక్కడుంది? చార్టు మీద పెద్దక్షరాలతో ఎక్కించి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలన్నీ తిప్పాను. చెల్పూర్ దగ్గర ఒక ఊళ్లో మగవాళ్లు దాన్ని చూసి పగలబడి నవ్వారు. “గీ మాట మా ఇండ్లల్ల ఆడోళ్లకు జెప్పుండ్రి మేడం, మాకెందుకు?” అన్నాడొకడు. నేనూ వాళ్లతో కలిసి నవ్వాను. ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

తర్వాతి వేసవిలో కురవి దగ్గర ఒక ఊరికి వెళ్లాను. అంగన్‌వాడీ వరండాలో పాతికమంది ఆడవాళ్లు కూర్చున్నారు. మీ ఊరికి వచ్చే ఆపదలేమిటి అన్నది మొదటి ప్రశ్న. ఎండ అన్నారు, బోర్లు ఎండిపోవడం అన్నారు, వాగు పొంగడం అన్నారు, కోతులు అన్నారు. రాసుకుంటూ పోతున్నాను. వెనక గోడకు ఆనుకుని, కొంగు ముఖం మీదికి లాక్కుని ఒక పిల్ల కూర్చుంది. ఇరవై రెండేళ్లుంటాయేమో.

“నా మొగడు” అంది.

ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల పక్కనే ఉన్న అత్త లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటి దిక్కు వెళ్లిపోయింది.

పిల్ల కొంగు తీసింది. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. పెదవి చిట్లి రక్తం గడ్డకట్టింది.

“ఎండ గురించే గదా అక్కా అడిగినవ్. మాది రేకుల ఇల్లు. పగటిపూటైతే లోపల పెనం లెక్క కాలుతది. బోరు ఎండిపోయింది, ఆయనకు పని లేదు, ఇంట్లనే ఉంటడు. ఎండ ముదిరిన దినం కట్టె ఇరిగేదాంక కొడ్తడు. మొన్న నీళ్లకు పోయి ఆల్శమైందని బిందెతోని కొట్టిండు.” చార్టు వైపు చెయ్యి చూపింది. “సర్దుకపో అని మా అవ్వ గదే జెప్పింది, పెద్దమనుషులు గదే జెప్పిండ్రు. నువ్వు గూడ గదే రాసుకొచ్చినవా?”

నాకు సిగ్గేసింది. వెంటనే కోపం వచ్చింది, ముందు నా మీదే. ఎండకోసం రాసిన మాట దెబ్బలకు కూడా సరిపోతుందని నాకెందుకు తట్టలేదు? ఆ ఒక్క మాట చెప్పి ఆడపిల్లల్ని అత్తింటికి తిరిగి పంపడం మా ఇంట్లో నేను చూడలేదా? చార్టు పీకి రెండు ముక్కలు చేశాను.

ఎవరు చేరవేశారో, ఆ మొగుడు అప్పుడే వచ్చాడు. “ఊరోళ్ల ముంగట నా ఇజ్జత్ దీస్తవానే!” అంటూ పిల్ల జుట్టు పట్టి మెట్ల మీదుగా కిందికి ఈడ్చాడు. తల మెట్టుకు కొట్టుకున్న చప్పుడు నాకింకా వినిపిస్తుంది. కాలెత్తి కడుపులో తన్నాడు. రెండోసారి కాలెత్తేలోపు నా స్టీలు నీళ్లసీసాతో వాడి నుదుటి మీద కొట్టాను. నుదురు చిట్లింది, మోకాళ్ల మీద కూలబడ్డాడు. మళ్లీ కొట్టాను. నిజం చెప్పాలంటే ఆ రెండో దెబ్బ అవసరం లేదు. కొట్టాలనిపించింది, కొట్టాను. అప్పుడు కదిలారు ఆడవాళ్లు. నలుగురైదుగురు మీద పడి వాడి చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. ఒకామె చెప్పు తీసి ముఖం మీద బాదింది.

“నేనొచ్చిన ఆటో ఉంది. మహబూబాబాద్ దవాఖానకు పోదాం, రా” అన్నాను.

“బిడ్డ ఇంట్ల పండుకొని ఉంది. ఇడిసిపెట్టి రాను.”

ఇందాక అత్త వెళ్లింది కూడా ఆ ఇంటికే. వాడు విడిపించుకుంటే ఈసారి పెళ్లాన్ని చంపేస్తాడని అక్కడున్న అందరికీ తెలుసు. ఇద్దరం పరుగెత్తాం.

అత్త గడపకు అడ్డంగా నిలబడి ఉంది, చంకలో ఏడాది పాపతో. ఇవ్వదనుకున్నాను. ముసలామె అయినా సరే, తోసి లాక్కోవాలని సీసా బిగించి పట్టుకున్నాను. ఆమె నా వైపు చూడనే లేదు. పాపను కోడలి చేతుల్లో పెట్టి, కాళ్ల దగ్గరున్న బట్టల మూట తీసి కోడలి భుజానికి తగిలించింది. చెప్పుల్లేకుండా ఉరికింది ఈ మూట కట్టడానికన్నమాట.

“పో బిడ్డా, ఆగకు. వాడు లేసొచ్చేటాలకు పో.”

“మరి నువ్వు?” అంది కోడలు.

ఆమె ఎడమ చెయ్యి ముందుకు చాపింది. మోచేతి కింద ఎముక ఎప్పుడో విరిగి, వంకరగా అతుక్కుని ఉంది.

“వాని నాయిన జేసిండు గిది,” అంది. “గప్పుడు నాకు మూట గట్టిచ్చేటోళ్లు లేకుండె.”