ఫిల్టర్ నీళ్ల కోసం

క్యాతగానచెర్లులో మా పొలం సోలారు పలకల కిందికి పోయాక, కూతుర్ని చదివించుకుందామని పావగడకు వచ్చి అద్దె ఇంట్లో దిగాం. మా ఊళ్లో తాగేది ఫ్లోరైడు ఉన్న బోరు నీళ్లే. టౌనులో అయితే పురసభ, అంటే మున్సిపాలిటీ, ఉంది, వీధి చివర ఫిల్టర్ నీళ్ల ప్లాంటు ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. ప్లాంటు ఉన్న మాట నిజమే. దానికి తాళం కూడా ఉంది. కొళాయిలో వచ్చేది మళ్లీ బోరు నీళ్లే. క్యాన్లు కొన్నాం. వాటిని మా వీధి బోరు దగ్గరే నింపుతున్నారని తర్వాత తెలిసి నెత్తి కొట్టుకున్నాను.

పాపకు పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చాయి. గోధుమరంగు చారలతోనే వచ్చాయి. డాక్టరు చూసి, పళ్ల సంగతి వదిలెయ్యండి, ఎముకలకు పాకకముందే నీళ్లు మార్చండి అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో! చొక్కా మార్చినట్టు నీళ్లు మార్చాలట. ఆ రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. పాప గ్లాసు ఎత్తిన ప్రతిసారీ లాక్కోవాలనిపించేది. లాక్కుని ఏం ఇవ్వను?

పురసభ ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. అక్కడ కన్నడంలో ఒకటే మాట, "నాళె బన్ని", రేపు రండి. మా చిన్నప్పుడు దయ్యం తలుపు దాకా వచ్చినా చదువుకుని వెనక్కి పోవాలని, ఇళ్ల తలుపుల మీద "నాళె బా", రేపు రా, అని రాసేవాళ్లు. ఇప్పుడు మేమే దయ్యాలమయ్యాం. కాకపోతే దయ్యానికి దాహం ఉండదు. నేను మర్నాడు మళ్లీ వెళ్లేదాన్ని.

ఒకరోజు పాపను వెంట తీసుకుపోయి అధికారి ముందు నిలబెట్టాను.

"నోరు తెర్సి సారుకు సూపించుమా" అన్నాను. పాప సిగ్గుపడి చేత్తో నోరు మూసుకుంది. నాకు వచ్చింది కోపమో ఏడుపో తెలియలేదు.

"సార్, ఈ బిడ్డ పండ్లు ఎట్లయినాయో సూడండి. రేపు కాళ్లు వంకర పోతే ఎవురు జవాబు చెప్తారు? ఆ తాళం తీయించండి సార్, మీ కాళ్లు పట్టుకుంటా."

ఆయన చెడ్డవాడు కాదు. "నేనేం చేసేదమ్మా? మిషను చెడిపోయి ఉండాది. పార్టు రావల్ల, టెండరు కావల్ల" అంటూ పాప ముఖం చూసి, బల్ల మీది మినరల్ వాటరు సీసా మూత తీసి గ్లాసులో నీళ్లు పోసి ఇచ్చాడు. "తాగు పుట్టీ."

పాప ఒక గుక్క తాగి, ముఖం చిట్లించి నా కొంగు లాగింది.

"అమ్మా, ఈ నీళ్లు బాగలేవు. రుచే లేదు. ఇంటికి పోయి మన నీళ్లు తాగుతా."

అధికారి తల దించుకున్నాడు. నేను ఆ గ్లాసు పాప చేతిలోంచి తీసుకుని, ఏడుస్తూ, బలవంతంగా చివరిదాకా తాగించాను.