తెల్లగా అరగదీసిన చింతపిక్క

మొన్న ఈ అరబ్బు దేశంలో, రోలాలో మా ఫ్లాట్‌లో చారుకి చింతపండు విడదీస్తుంటే ఒక పిక్క చేతికొచ్చింది. మీకూ గుర్తుందా? పిక్కని గచ్చుమీద గరగరా రుద్ది, వేడెక్కాక పక్కవాళ్ళ చేతికి చురుక్కుమనిపించి పారిపోయేవాళ్ళం.

నెల్లూరులో మా ఇంట్లో దానికి ఇంకో పనుండేది. అన్నయ్య కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ఆడేవాడు. పెద్ద మ్యాచ్ ముందురోజు నాన్న వరండాలో సుద్దముక్కతో మైదానం గీసేవాడు. మనవాళ్ళు శనగలు, అవతలివాళ్ళు చింతపిక్కలు. వాళ్ళలో బలహీనుడెవరో తేలగానే ఆ పిక్కని తెల్లగా అరగదీసే పని నాది. "బాలు ఈడనుంచే తీసకపోవాల" అనేవాడు నాన్న.

మొన్న ఆ పిక్క దొరికినప్పుడు హాల్లో నా కొడుకు మర్నాటి కాలేజీ ఫైనల్‌ కోసం నేలమీద సీసామూతలు పేర్చుకుంటున్నాడు.

"ఎటునుంచి కొట్టాలో అర్థం కావట్లేదమ్మా."

నాకు పాత ఉత్సాహం వచ్చేసింది. బాల్కనీ గచ్చుమీద పిక్కని గబగబా అరగదీసి, అవతలి జట్టు కుడివైపు డిఫెండర్ మూత తీసి అక్కడ పెట్టాను. ఆ డిఫెండర్ మా పక్క ఫ్లాట్ సమీర్.

"వాడి చీలమండ ఇంకా వాచే ఉందిరా. అటే పరిగెత్తించండి, యల్లా, పదండి!"

"నీకెలా తెలుసమ్మా?"

నా చూపు సోఫావైపు పోయింది. ముందురోజు సాయంత్రం మా సోఫాలో కూర్చుని, "కొంచెం నూనె రాస్తారా ఆంటీ?" అని సమీర్ ఆ కాలు నా ఒళ్ళో పెట్టాడు.

నా కొడుకూ అటే చూశాడు. మూతని మళ్ళీ దాని చోట పెట్టి, పిక్క తీసి నా చేతిలో పెట్టాడు.

అదింకా వేడిగానే ఉంది.