అంగుళం మాస్టరు

ఆ దర్జీని వీధిలో అందరూ అంగుళం మాస్టరు అనేవారు. ఏది కుట్టినా లోపల అంగుళం గుడ్డ అదనంగా మడిచి ఉంచడం అతని అలవాటు. మనిషన్నాక లావెక్కుతాడు, అందులో బట్ట చేసిన పాపమేముంది అనేవాడు. చాదస్తమని నవ్వినవాళ్లే, బట్టలు వదులు చేయించుకోవడానికి మళ్లీ అతని గడప తొక్కేవారు.

కుట్లు విప్పే పని భార్యది. ఆ ఏడాది మొగుడి ప్యాంట్లు నడుం దగ్గర బిగుస్తుంటే, అతను అడక్కుండానే విప్పి వదులు చేసింది. మళ్లీ బిగిస్తే మళ్లీ విప్పింది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు, మీ పొట్ట మాత్రం పెరుగుతోందని ఆటపట్టించింది కూడా. పొద్దున్నే మొహం ఉబ్బితే నిద్ర ఎక్కువైందనుకున్నారు. తలనొప్పి వస్తే నేరం కొత్త కళ్లజోడు మీదకు నెట్టారు.

ఒక మధ్యాహ్నం అతని చేతిలోంచి కత్తెర జారిపడింది. వంగి తీయబోతే కుడిచెయ్యి మాట వినలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. కిడ్నీలు దెబ్బతిని, ఒంట్లోని ప్రోటీన్ మూత్రంలో పోతోంది. అందుకే ఒళ్లంతా నీరు పట్టింది, రక్తం ఊరికే గడ్డకడుతోంది. ఆ గడ్డ మెదడులో రక్తనాళానికి అడ్డం పడింది. ప్రాణానికి భయం లేదు గానీ, చెయ్యి సంగతి ఇప్పుడే చెప్పలేనంది.

"ఈ వాపు ఇవాళ్టిది కాదమ్మా. బట్టలు బిగుతవలేదా?"

"అయ్యాయండీ. నేనే వదులు చేశాను."

ఆ మాటన్నాక ఆమెకు ఏడుపు రాలేదు. అసలేమీ రాలేదు. మంచం పక్కన కూర్చుని, ఆసుపత్రి దుప్పటి అంచు కుట్టు వంకరపోయిందని చూస్తూ ఉండిపోయింది. ఎవరో తినమంటే తింది. ఏం తిన్నదో తెలియలేదు.

మందులకు వాపు తగ్గింది. ఇంటికొచ్చాక అతని ప్యాంటు నడుం మీద నిలవలేదు. కుడిచేతి వేళ్లు కాస్త ముడవగలుగుతున్నాడు, కత్తెర పట్టు మాత్రం ఇంకా చిక్కలేదు. ఆమె ప్యాంటును పాత కొలతకు బిగించి కుట్టింది. తర్వాత అతని పెద్ద కత్తెర తీసుకుని, లోపల మిగిలిన గుడ్డనంతా కత్తిరించేసింది. ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ చెయ్యని పని అది.

"అదెందుకే?" అన్నాడతను.

"ఈసారి బిగిస్తే నాకు తెలియాలి."

అతను కాసేపు కింద పడ్డ గుడ్డముక్కల వంక చూశాడు. తర్వాత ఎడమచేత్తో ఇంకో ప్యాంటు ఆమె వైపు జరిపాడు.